కరెంటు పోయినందుకు మిగిలిన తొమ్మిది నిమిషాలు

మా మావయ్య దాచుకున్న క్యాసెట్ మీద నేను అమెరికా రాక్ కచేరీ ఎక్కించేసిన సంగతి ఆయనకి పద్నాలుగేళ్ళు చెప్పలేదు. 2000 వేసవిలో చేసిన పని అది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను మా అటక మీది రేకులు ఎగరగొట్టకపోయి ఉంటే ఇప్పటికీ చెప్పి ఉండేవాణ్ణి కాదేమో.

ముందు ఆ రాక్ కచేరీ విజయనగరం దాకా ఎలా వచ్చిందో చెప్పాలి. మా ఊళ్ళో సంగీతం అంటే మ్యూజిక్ కాలేజీ. 1919లో మహారాజు పెట్టింది, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అయ్యకోనేరు దగ్గర మా వీధిలో సాయంత్రం అయ్యేసరికి ఎవరింట్లోంచో వయొలిన్ సాధకం వినిపించేది. అలాంటి ఊళ్ళో ఇంజనీరింగు చదువుకుంటూ నేను కేబుల్ టీవీలో ఎమ్‌టీవీ చూసి గిటారు మోతకి పడిపోయాను. మా నాన్న దృష్టిలో అది సంగీతం కిందకి వచ్చేది కాదు, కరెంటు ఖర్చు కిందకి వచ్చేది.

1999లో మూడు లాంతర్ల దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళేవాణ్ణి. గంటకి నలభై రూపాయలు. అక్కడే ఒకరోజు గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం కచేరీల జాబితా ఒకటి కంటపడింది. ఆల్బమ్‌ల పేర్లు కావు. అన్నీ తేదీలు, ఊళ్ళు, హాళ్ళు. పక్కన ఎవరు రికార్డు చేశారు, ఏ మైకుతో చేశారు, ఇది ఎన్నో కాపీ అన్న వివరాలు. ఒకే పాట పేరు వందలసార్లు కనబడుతోంది. ఎందుకన్నిసార్లు అని మొదట అర్థం కాలేదు. తరవాత వెలిగింది. మన దగ్గర రుక్మిణీ కల్యాణం కథ తెలియనివాళ్ళు ఎవరు? అయినా కొత్త దాసుగారు వస్తున్నారంటే పందిరి నిండుతుంది, ఆయన ఎక్కడ ఆగి పిట్టకథ చెప్తారో, ఏ రాగం ఎత్తుకుంటారో వినడానికి. ఈ బృందం వాళ్ళదీ అదే తంతు. ఒక రాత్రి ఆరు నిమిషాల పాట ఇంకో రాత్రి ఇరవై నిమిషాలు సాగుతుంది.

అప్పట్లో చాలా బృందాలు కచేరీలోకి టేప్ రికార్డర్ తెచ్చినవాణ్ణి బయటికి గెంటించేవి. వీళ్ళు మాత్రం రికార్డు చేసుకోనిచ్చారు. 1984 అక్టోబరు నుంచి టేపర్ల కోసమని విడిగా టికెట్లు పెట్టి, సౌండ్ మిక్సరు వెనక చోటు కూడా ఇచ్చారు. పొడుగాటి కర్రల మీద మైకులు కట్టుకుని పదులకొద్దీ మనుషులు అక్కడ నిలబడేవారట. ఫోటోలో చూస్తే చేపల వేటకి వచ్చినవాళ్ళలా ఉంటారు. షరతు ఒక్కటే. అమ్మకూడదు. ఇచ్చిపుచ్చుకోవచ్చు, పైసా తీసుకోకూడదు. 1995 ఆగస్టులో వాళ్ళ ముఖ్య గిటారిస్టు జెర్రీ గార్సియా పోయాక ఆ బృందం ఆ పేరుతో వాయించడం మానేసింది. అప్పటికే రెండు వేలకి పైగా కచేరీలు టేపుల మీద మిగిలి ఉన్నాయి.

కొత్తగా చేరినవాళ్ళ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు కదా. వాళ్ళకోసం ఒక పద్ధతి ఉండేది. ఖాళీ క్యాసెట్లు, తిరుగు పోస్టు ఖర్చు పంపితే కాపీ చేసి పంపేవారు. మేరీలాండ్‌లో ఒకాయన నాకు ఒప్పుకున్నాడు. ఇక్కణ్ణించి తిరుగు పోస్టేజీ ఎలా పంపాలి? డాలర్లు నా దగ్గరెక్కడివి? ఆయనే చెప్పాడు, ఇంటర్నేషనల్ రిప్లై కూపన్ అని ఒకటి ఉంటుంది, ఇక్కడ కొని పంపితే అక్కడి పోస్టాఫీసులో స్టాంపులుగా మార్చుకోవచ్చని.

పోస్టాఫీసు కౌంటర్లో అడిగితే ఆ బాబుగారు కళ్ళజోడు పైకెత్తి చూశారు. "అవి అడిగినవాణ్ణి నా సర్వీసులో సూడనేదు బాబూ" అన్నారు. కానీ కొట్టిపారెయ్యలేదు. బీరువాలోంచి రూల్సు పుస్తకం తీసి, అరగంట వెతికి, విశాఖపట్నం నుంచి తెప్పిస్తానన్నారు. తెప్పించారు కూడా. నాలుగు కూపన్లు, నాలుగు ఖాళీ క్యాసెట్లు, మీద కస్టమ్స్ వాళ్ళ ఆకుపచ్చ చీటీ. లోపల ఏముందని అడిగితే "ఖాళీ క్యాసెట్లు" అన్నాను. "ఖాళీవి అమిరికా పంపడమేటి" అని ఆయన పక్కాయనకి చెప్పి నవ్వడం ఇప్పటికీ గుర్తుంది.

రెండు నెలలు పట్టింది. వచ్చిన రోజు కాలేజీ ఎగ్గొట్టాను. 1977 మే 8, కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాలు. ఈ బృందం అభిమానులు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకునే కచేరీ ఇదే. తరవాత అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన 2011 రికార్డింగుల జాబితాలో కూడా చేర్చింది. నా టూ-ఇన్-వన్‌లో పెట్టి ప్లే నొక్కితే ముందు వినిపించింది వాన. వాన కాదు, టేపు హిస్. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే అక్షరాలు మసకబారినట్టు, క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించిన కొద్దీ ఆ బుసబుస పెరుగుతుంది, తాళాల చప్పుడు మొద్దుబారుతుంది. నాది ఎన్నో తరానిదో, ఐదో ఆరో. ఆ వాన వెనకాల గిటారు మాత్రం పక్కగదిలో వాయిస్తున్నట్టే ఉంది.

తీసుకున్నవాడు ఇవ్వాలి. దాన్ని ట్రీ అనేవారు. మొదటివాడు ముగ్గురికి, ఆ ముగ్గురూ తలో ముగ్గురికి, అలా కొమ్మలు. 2000 మేలో ఇంకో షో నా వంతుకి వచ్చింది. హైదరాబాదులో ఒకరికి, చెన్నైలో ఒకరికి నేను కాపీలు పంపాలి. రెండు క్యాసెట్ల షో, ఇద్దరికీ కలిపి నాలుగు ఖాళీలు కావాలి. మంచి ఖాళీ క్యాసెట్ అరవై రూపాయల పైమాట. మూడు కొన్నాక జేబు ఖాళీ.

అటక మీద మావయ్య ట్రంకుపెట్టె ఉండేది. దాసన్నపేటలో ఇల్లు మారుతూ మా ఇంట్లో పెట్టి వెళ్ళారు. అందులో ఆయన పాత నేషనల్ పానాసోనిక్ టేప్ రికార్డరు, ముప్ఫై దాకా క్యాసెట్లు. అన్నీ సినిమా పాటలే అనుకున్నాను. పైకి ఉన్న ఒక తొంభై నిమిషాల క్యాసెట్ తీశాను. మీద నీలి సిరాతో "శ్రీరామనవమి, 1986, రెండో రాత్రి" అని ఉంది. చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. శ్రీరామనవమి ఏటేటా వస్తుంది కదా అనుకున్నాను. మళ్ళీ రికార్డు అవకుండా మావయ్య వెనకనున్న రెండు బుల్లి పలకలూ విరిచేసి ఉంచారు. ఆ కన్నాలకి సెల్లోటేపు అంటించి రికార్డు నొక్కాను.

ఒక వైపు పూర్తిగా నిండింది. రెండో వైపు ముప్ఫై ఆరు నిమిషాలు అయ్యాక కరెంటు పోయింది. మే నెల, మధ్యాహ్నం. మళ్ళీ రాత్రికి గానీ రాలేదు. షో చివర తెగిపోయింది కాబట్టి ఆ కాపీ పంపడానికి పనికిరాదు. మర్నాడు అమ్మని బతిమాలి డబ్బులు తీసుకుని వేరే క్యాసెట్ కొన్నాను. పాడైనదాని మీద మావయ్య రాత కనబడకుండా నా చీటీ ఒకటి అంటించి, మళ్ళీ ట్రంకులో పడేశాను.

ఆ తరవాత క్యాసెట్ల కాలం త్వరగానే ఐపోయింది. 2001లో ఫ్లాక్ వచ్చింది. శబ్దంలో ఏదీ కొయ్యకుండా ఫైలు సైజు మాత్రం తగ్గించే పద్ధతి. ఎమ్‌పీ3 అయితే చెవికి తెలీదన్నవి కత్తిరించి పారేస్తుంది. వంద కాపీలు తీసినా మొదటిదీ నూరోదీ ఒకటే అన్నది టేపు రోజుల్లో ఊహకి అందని మాట. 2002లో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ గ్రంథాలయం వాళ్ళు లైవ్ కచేరీలకే ఒక విభాగం తెరిచారు, రికార్డింగుకి ఒప్పుకున్న బృందాలవి మాత్రమే. రెండున్నర గంటల షో ఫ్లాక్‌లో దాదాపు 900 ఎంబీ. ఇంట్లో డయల్ అప్ మీద లెక్క వేస్తే రెండు పగళ్ళూ రెండు రాత్రులూ దాటి వచ్చింది. అదీ మధ్యలో ఎవరూ ఫోన్ ఎత్తకపోతే.

2005 తరవాత బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక కాస్త ఊపిరి ఆడింది. రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా ఎంత దించుకున్నా ఉచితం. రెండింటికి అలారం. లేచి టొరెంట్ మొదలుపెట్టి పడుకోవడం, ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు ఆపడం. ఒకసారి ఆపడం మర్చిపోయి పెళ్ళిచూపులకి బొబ్బిలి వెళ్ళిపోయాను. ఆ నెల బిల్లు చూసి మా నాన్న అన్న మాటలు రాయను.

దించుకోవడం అయ్యాక అసలు పని మొదలు. ప్రతి షోతో ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది. ఏ మైకు, ఏ రికార్డరు, ఎవరు కంప్యూటర్‌లోకి ఎక్కించారు, ఎక్కడ టేపు తిప్పేటప్పుడు ఎన్ని సెకన్లు పోయాయి, అన్నీ రాసి ఉంటాయి. ఇంటి పేరూ గోత్రమూ లేకుండా సంబంధం కలుపుకోనట్టే, ఆ ఫైలు లేని రికార్డింగుని ఎవరూ ముట్టుకోరు. ఎండీ5 అని ప్రతి ఫైలుకీ ఒక ముప్ఫై రెండు అక్షరాల ముద్ర ఉంటుంది. మన దగ్గరికి వచ్చినదాంట్లో ఒక్క బిట్టు మారినా ఆ ముద్ర కలవదు. కలవకపోతే మళ్ళీ దించుకోవాలి తప్ప "వినడానికి బాగానే ఉంది కదా" అని ఇంకొకరికి ఇవ్వకూడదు. నేను ఈ విషయంలో బాగా చాదస్తపు మనిషిని అయిపోయాను. మిత్రుడొకడు ఎమ్‌పీ3ని మళ్ళీ ఫ్లాక్‌లోకి మార్చి పంపితే ఆరు నెలలు వాడితో మాట్లాడలేదు. పాలలో నీళ్ళు కలిపినవాడు తిరిగి మరగబెట్టి ఇచ్చినట్టు అనిపించింది. అటక మీద నా సెల్లోటేపు క్యాసెట్ ఉన్న సంగతి మాత్రం గుర్తు చేసుకునేవాణ్ణి కాదు.

నేను కళ్ళారా చూసిన పెద్ద కచేరీ ఒక్కటే, 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాను. జేబులో ఫోన్‌తో ఐదు నిమిషాలు రికార్డు చేసి రైల్లో వింటే పిండి మర చప్పుడు. వాళ్ళు రికార్డింగుకి అనుమతి ఇచ్చే బృందం కూడా కాదు, కాబట్టి ఎవరికీ ఇవ్వలేదు. బాగా వచ్చి ఉంటే ఇచ్చేవాణ్ణా అని అడక్కండి.

హుద్‌హుద్ ఆదివారం వచ్చింది, 2014 అక్టోబరు 12. అటక మీది రేకులు మధ్యాహ్నానికే లేచిపోయాయి. సాయంత్రం పైకెక్కి చూస్తే ట్రంకులో బెత్తెడు నీళ్ళు. కరెంటు లేని రోజులు మొదలు. పక్కింటాయన ఎండలో పెట్టమన్నారు. ఎండ తగిలితే టేపు వంకర్లు తిరుగుతుంది. హాల్లో దండేలు కట్టి, ప్లాస్టిక్ పెట్టెల్లోంచి తీసి, నీడలో ఆరబెట్టాను. ఇల్లంతా కప్పు కిందనుంచి క్యాసెట్లు వేలాడుతుంటే మా అమ్మ "సిరిమానోత్సవం అయి వారం కూడా అవలేదు, మళ్ళీ తోరణాలేటి" అంది.

మూడో రోజు మావయ్య సైకిలు మీద వచ్చారు, మేం ఎలా ఉన్నామో చూడ్డానికి. దండెం దగ్గర నిలబడి ఒక్కొక్కటీ చదువుకుంటూ వచ్చారు. నా చీటీ తడిసి ఊడిపోయింది. దాని కింద నీలి సిరా. తరవాత ఆయన చెయ్యి వెనక్కి పోయింది, కన్నాల మీది సెల్లోటేపు తడిమింది. ఆయన రిటైరైన బడిపంతులు. పిల్లాడు కాపీ కొడితే ఎలా తెలుస్తుందో ఆయనకి తెలుసు.

"దీనిమీద ఏటెక్కించినావు?" అన్నారు.

చెప్పాను. అప్పుడే అంతా చెప్పేశాను, కూపన్ల దగ్గర్నుంచి.

"ఎల్లిపోనాది మరేటి" అన్నారు. టీ తాగి, సైకిలెక్కి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఉద్యోగం మీద ఐదేళ్ళు రాయపూర్‌లో ఉండి తిరిగి వచ్చాక, పోయిన వేసవిలో ఒకరోజు ఆయనే ఫోన్ చేశారు. "ఆ రామనవమిది చివరాకర్న ఏవైనా మిగిలుంటాదేటి?" అని. ఎనభై దాటాక మనిషికి కొన్ని గుర్తొస్తాయనుకుంటాను. నాకు ఆ క్షణంలో వెలిగింది. కరెంటు ముప్ఫై ఆరో నిమిషంలో పోయింది. వైపుకి నలభై ఐదు నిమిషాలు. ఆ చివరి తొమ్మిది నిమిషాల మీదకి నేనసలు వెళ్ళనే లేదు!

క్యాసెట్ ట్రాన్స్‌ఫర్, అంటే టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించడం గురించి ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను, ఇంట్లో పాత టేపులు ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. తడిసి ఆరిన టేపుని నేరుగా ప్లే చెయ్యకండి. పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, ఆ లాగుడుకి తెగుతుంది. ముందు పెన్సిలుతో చేత్తో నెమ్మదిగా ఒక చివర నుంచి ఇంకో చివరకి చుట్టాలి. తెల్లటి బూజు రాలుతుంది, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. క్యాసెట్ మధ్యలో రేకు మీద ఒక బుల్లి స్పాంజి ముక్క ఉంటుంది, టేపుని హెడ్‌కి, అంటే శబ్దాన్ని చదివే భాగానికి, అదిమేది. నా దాంట్లో అది ఊడిపోయింది. అదృష్టం కొద్దీ పెట్టె స్క్రూలతో బిగించినది, అతికించినది కాదు. విప్పి రెండు చక్రాలూ తీసి మంచి పెట్టెలోకి మార్చాను. ఐదు స్క్రూలు, గంటన్నర పని, నాకు చెమటలు.

విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్లో కొన్న డెక్‌లో పెట్టాను. ముందు ముప్ఫై ఆరు నిమిషాలూ గిటార్లే. ఆఖర్న గిటారు ఒక్కసారి పైకెగిరి పిట్టలా కీచుమంది. కరెంటు పోయినప్పుడు మోటారు నెమ్మదించింది కదా, ఆ ముక్క ఇప్పుడు వేగంగా వినిపిస్తుంది. తరవాత అర సెకను ఏమీ లేదు. రికార్డు చేసే హెడ్ కన్నా చెరిపే హెడ్ ఒక పిసరు ముందు ఉంటుంది, చెరిగీ నిండని చోటు అది. ఆ తరవాత మృదంగం.

కానీ దుప్పటి కప్పినట్టు ఉంది. ఎందుకంటే హెడ్ వాలు ప్రతి రికార్డరుకీ కాస్త తేడా. రాక్ భాగం నా టూ-ఇన్-వన్‌లో ఎక్కింది, హరికథ మావయ్య పానాసోనిక్‌లో. ఒకే టేపు మీద రెండు వాలులు. డెక్‌లో హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ వినాలి. దాసుగారి చిడతలే నాకు దారి చూపించాయి. చిడతల మోత పదునుగా, పళ్ళెం మీద గోరుతో మీటినట్టు వినిపించే దాకా తిప్పి అక్కడ వదిలేశాను. ఒక్కసారిగా పందిరి తెరుచుకుంది. పసిపిల్ల ఏడుపు, దూరంగా సోడా కొట్టిన చప్పుడు, ఎవరో చదివింపులు చదువుతున్నారు, నూట పదహార్లు, నూట పదహార్లు.

ఇంకో తిరకాసు శృతి. హార్మోనియం మొదట ఐదు శృతికి కాస్త పైన ఉంది. తొమ్మిది నిమిషాలయ్యేసరికి ఐదున్నర దాటేసింది. హార్మోనియం అలా పైకి పాకదు. అంటే ఆ రాత్రి రికార్డరు నెమ్మదిస్తూ పోయింది. అది ఎందుకో టేపే చెప్పింది. ఐదో నిమిషం దగ్గర మైకుకి ఆనుకుని ఒక కుర్ర గొంతు గుసగుసగా, "ఒరే, బేటరీలు అయిపోతన్నాయిరా. ఆల్దానికి కరెంటెట్టీసినారు, మనకే నేదు" అంది. అది మావయ్య గొంతు. నలభై ఏళ్ళ కిందటి మావయ్య.

ముట్టుకోని ఫైలు ఒకటి అలాగే ఉంచాను, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. ఇంకో దాంట్లో శృతి మాత్రం సరిచేశాను, అదీ ఒకే అంకె కాదు, వాలుగా. హిస్ తియ్యమని చాలామంది అంటారు. తీస్తే చిడతల పదును కూడా పోతుంది, ఉంచేశాను. పక్కన టెక్స్ట్ ఫైలు తెలుగులో రాశాను. శ్రీరామనవమి 1986, రెండో రాత్రి, హరికథ, రుక్మిణీ కల్యాణం, బ్యాటరీ మీద నడిచిన రికార్డరు, ప్రేక్షకుల మధ్యనుంచి. "మొదటి ఎనభై నిమిషాల పైచిలుకు చెరిగిపోయింది" అని రాసి, ఎవరు చెరిపారో కూడా రాశాను. దాసుగారు ఇప్పుడు లేరు. మావయ్య ద్వారా ఆయన మనవడికి ఫోన్ చేసి, పదిమందికీ పంపొచ్చా అని అడిగి, సరేనన్నాకే పంపాను. వాట్సాప్‌లో పంపితే ఆడియోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి.

మావయ్య ఇంటికి వెళ్ళి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. తన గొంతు వచ్చిన చోట కళ్ళు తెరిచారు.

"ఆల్దానికి అంటే ఎవరిది మావయ్యా?"

"మైకుసెట్టోడిది" అన్నారు. "ఆడూ రికార్డు సేసినాడు. యాంప్లిఫయర్ నుంచే వైరు లాగీసినాడు."

నేను కుర్చీలోంచి లేచాను. సౌండ్‌బోర్డు! బార్టన్ హాలు టేపు అంత బాగుండటానికి కారణం అదే, బృందం సౌండ్ మనిషి బెట్టీ క్యాంటర్ మిక్సరు నుంచి నేరుగా తీసింది. ఆవిడ టేపులు ఒక అద్దె గోదాములో ఉండిపోయి, బాకీ కింద 1986లో వేలానికి పోయాయి. కొన్నవాళ్ళ దగ్గర్నుంచి మెల్లమెల్లగా బయటికి వచ్చాయి.

మైకుసెట్టు ఆయన పోయారు. గజపతినగరం దగ్గర వాళ్ళ ఊళ్ళో కొడుకు టెంటుహౌసు నడుపుతున్నాడు. వెళ్ళి అడిగితే కొట్టు వెనక గదిలోకి తీసుకెళ్ళి మూడు గోనె సంచులు చూపించాడు. "నాన్నగారివండి. పారెయ్యడానికి మనసొప్పక ఉంచీసినాం. అయితే సెప్తన్నాను, ఖాళీ కేసెట్లు కొనకుండా వాటిమీదే మళ్ళీ మళ్ళీ సినిమా పాటలెక్కించీవోరు." అది విని నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది.

ఆయన చీటీల మీద తేదీలు రాసేవారు కాదు, ఊళ్ళ పేర్లే. అదీ కొన్నింటి మీదే. మొదటి సంచిలో అరవై రెండు క్యాసెట్లు. ఆదివారాలు తెచ్చుకుని, చుట్టి, తుడిచి, వింటున్నాను. ఇప్పటికి నలభై ఒకటి అయ్యాయి. పెళ్ళిళ్ళు, ఎన్నికల ప్రచారం, ఒక బుర్రకథ సగం, సన్నాయి మేళం రెండు. అవన్నీ కూడా ఎక్కిస్తున్నాను, వాటిక్కూడా ఎవరో ఒక మావయ్య ఉంటాడు కదా. రామనవమి ఇంకా తగల్లేదు.

మావయ్య రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తారు.

"దొరికిందేటి?"

"ఇంకా లేదు మావయ్యా."

మొన్న కాసేపు ఆగి ఇంకో మాట అడిగారు. నేనిచ్చిన ఫైలు మొదట్నుంచీ వింటున్నారట, గిటార్లతో సహా. "మరి కరెంటు పోనాక ఆ గిటారోళ్ళ పాట ఏటైంది? మిగతాది ఉన్నాదా?"

"ఉంది మావయ్యా," అన్నాను. "అది చాలామంది దగ్గర ఉంది."